చూరు నీళ్లు పడే చోటు

1962 మే 9, బుధవారం. చిట్యాల. ఉదయం ఎనిమిది గంటలు. ఎండ అప్పుడే ముదిరింది.

హాజరు: ఇల్లు అమ్ముతున్న నర్సయ్య, అతని భార్య బాలమ్మ. తూర్పు పక్క జాగాలో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న మల్లయ్య, అతని తల్లి ఎల్లమ్మ. ఇల్లు కొనడానికి వచ్చిన బడిపంతులు వెంకటేశం. మల్లయ్య ఇల్లు కడుతున్న సుతారి ఖాసీం. దస్తావేజు రాయవలసిన నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. దస్తావేజులు రాయడం నా వృత్తి. ఇల్లు గానీ పొలం గానీ చేతులు మారేటప్పుడు అమ్మేవారి మాటను, కొనేవారి మాటను కాగితం మీద పెట్టేవాణ్ణి. మొదట మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాను. తర్వాత నల్లగొండలో రిజిస్ట్రేషన్ కచేరీ ఎదురుగా రేకుల కింద చాప వేసుకొని, ముందు ఒక చెక్కపెట్టె పెట్టుకొని ఏళ్లకేళ్లు కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇప్పటికీ నా ఇంటికి వచ్చి, పాత నమూనాలు ఉంటే ఇమ్మని అడుగుతారు. నమూనాలు బజారులో దొరుకుతాయి. నేను చెప్పదలచింది ఆ బుధవారం గురించి. అది చెప్పాలంటే నాకు పని నేర్పిన మనిషి గురించి కొంచెం చెప్పాలి.

పెద్ద మున్షీ మంచినీళ్లు

మహబూబ్‌నగర్‌లో ఆయన్ని అందరూ పెద్ద మున్షీ అనేవారు. ఉర్దూలో రాసేవాడు, తెలుగులో తిట్టేవాడు. ఇల్లు అమ్మకం దస్తావేజు ఎవరు రాయమన్నా ముందు వెళ్లి ఆ ఇల్లు చూసి రావలసిందే. చూడడమంటే లోపల చూడడం కాదు. ఇంటికి నాలుగు దిక్కులా ఉన్న నాలుగు ఇళ్లకు వెళ్లి, గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగేవాడు. ఎండాకాలమైనా చలికాలమైనా అంతే. నీళ్లు తాగే నెపంతో నాలుగు మాటలు. ఈ గోడ ఎవరిది, ఆ మోరీ నీళ్లు ఎటు పోతాయి, ఆ వేపచెట్టు నీడ ఎవరు వాడుకుంటారు. నాలుగిళ్లు తిరిగేసరికి ఆయన కడుపు నిండేది, నాకు హద్దులు తెలిసేవి.

"ఇల్లు అమ్మేటోడు తన ఇంటి మంచి చెప్తడు. కొనేటోడు తన అవసరం చెప్తడు. హద్దు చెప్పేది పక్కింటోడురా" అనేవాడు.

అక్కడ ఒకాయన ఇల్లు అమ్ముతూ, చూడడానికి వచ్చేవాళ్లను శుక్రవారమే రమ్మనేవాడు. పక్క జాగాలో రెండంతస్తుల ఇల్లు లేస్తోంది. పనివాళ్లు ముస్లింలు కాబట్టి శుక్రవారం పని బంద్. దుమ్ము లేదు, చప్పుడు లేదు, సున్నం వాసన లేదు. కొనేవాడు సంతోషపడి దస్తావేజు రాయించుకుందామని వచ్చాడు. పెద్ద మున్షీ కలం పెట్టెలో పెట్టి మూత వేశాడు. "రేపు శనివారం. పొద్దున పోయి గంటసేపు గా ఇంట్ల కూసొని రా. అప్పుడు రాస్త" అన్నాడు. అమ్మేవాడు నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. కొనేవాడు మాత్రం వెళ్లి కూర్చొని, దుమ్ము దులుపుకొని వచ్చి, "ఇల్లు నచ్చింది, వాళ్ల పని ఎప్పటికైనా అయిపోయేదే కదా" అని కొనుక్కున్నాడు.

పక్కింట్లో పని జరుగుతుంటే ఇల్లు అమ్మడం కష్టమని చాలామంది అనుకుంటారు. దుమ్ము, చప్పుడు పెద్ద కష్టాలు కావు. కందకం తవ్వినప్పుడే కష్టం మొదలవుతుంది. అంతవరకూ ఇరుగుపొరుగు సర్దుకుపోయి బతికిన జాగా ఎవరిదో అప్పుడు తేలాలి.

నర్సయ్య ఇల్లు

నర్సయ్యది నేతపని. చిట్యాలలో అతని ఇల్లు రెండు అర్రలు, ముందొక వసారా. మట్టిగోడలు, పైన గూనపెంకులు. తూర్పు అర్రలో తూర్పుగోడను ఆనుకొని మగ్గం గుంత ఉండేది. నేతగాడు నేల మీద కూర్చొని, కాళ్లు ఆ గుంతలోకి దించి తొక్కుడు కట్టెలు తొక్కాలి. ముప్పై ఏళ్లు అట్లా దిగి, ఎక్కి నర్సయ్య మోకాళ్లు పోయాయి. దిగితే తనంతట తాను ఎక్కలేడు. బాలమ్మ రెక్క పట్టి లేపాలి.

కట్టంగూర్‌లో బాలమ్మ తమ్ముడు రోడ్డు పక్కన చిన్న దుకాణానికి ఒక జాగా చూసిపెట్టాడు. వానలు మొదలయ్యే మిరుగు కార్తెలోపు వస్తే ఉంచుతానని ఆ జాగా ఆసామి మాట ఇచ్చాడు. చిట్యాల ఇల్లు అమ్ముడుపోతేనే ఆ దుకాణం. ఆ దుకాణం తప్ప ఆ ఇద్దరికీ వేరే బతుకుదెరువు లేదు. అప్పటికి మిరుగు నెలరోజుల దూరంలో ఉంది.

భార్యాభర్తలిద్దరూ నల్లగొండ వచ్చి నా చాప ముందు కూర్చున్నారు.

"మంది వస్తున్నరు మున్షీ సాబు. చూస్తున్నరు, పోతున్నరు" అంది బాలమ్మ. "లోపల చూసి మంచిగున్నదంటరు. తూర్పుకు పోయి గా కందకం చూస్తరు. ఇగ చెప్పులు తొడుక్కుంటరు."

"కందకం ఎవరిది?"

"మల్లన్నది. ఇల్లు కడ్తున్నడు. కట్టుకోనియ్యి, నాకేం కడుపుమంట లేదు. కని మా గోడ మొదలు పట్టుకొని తవ్విండు. గోడ నెర్రెలువెట్టింది. ఇగ మా చూరు గూడ కోస్తడట."

చూరు కోస్తే ఏమవుతుందో మట్టిగోడల ఇళ్లలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. వాననీరు బయటికి పడకుండా గోడ మీదుగానే దిగుతుంది. అట్లాంటి గోడ ఒక్క వానాకాలం నిలిస్తే గొప్ప. అది తెలిసి ఆ ఇల్లు ఎవరూ కొనరు.

"నీ చూరు నా జాగల ఉన్నది అంటడు" అన్నాడు నర్సయ్య. మెల్లగా మాట్లాడే మనిషి. "నీ జాగ ఏడిదాంకరా తమ్మీ అంటె, కాయితం చూపిస్తడు."

"ఆ కాయితం ఎవరు రాసిండ్రట?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వే" అంది బాలమ్మ.

నా డైరీలో నా తప్పు

ఇంటికి వెళ్లి పాత డైరీలు తీశాను. 1958 డైరీలో ఉంది. "చిట్యాల దొడ్డి జాగా, మల్లయ్య పేర. బస్సు తప్పింది. అమ్మేవారి నోటిమాట మీద హద్దులు రాశాను. తీరిక చూసుకొని వెళ్లి చూసి రావాలి." ఆ వెళ్లి చూడడం మళ్లీ ఎక్కడా లేదు. వెళ్లలేదు కాబట్టి లేదు.

అందులో పడమటి హద్దు "నర్సయ్య ఇంటి గోడ" అని రాశాను. అది తప్పు. మా వైపు పల్లెల్లో పెంకుటింటి చూరు గోడ దాటి ముందుకు వస్తుంది. దాని నీళ్లు ఎంతవరకు పడతాయో అంతవరకు జాగా ఆ ఇంటిది. దానికి రాయి పాతరు, కంచె వేయరు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అందుకే అక్కడికి వెళ్లి కళ్లతో చూడాలి. నేను చాప మీద కూర్చొని "గోడ" అని రాసేసరికి, ఆ చూరు కింది మూరెడు జాగా కాగితం మీద మల్లయ్యకు వెళ్లిపోయింది. అతను ఆ కాగితాన్ని నమ్మి కందకం తవ్వాడు. అతనిది అత్యాశ అనడానికి లేదు.

మల్లయ్యను నేను ఎరుగుదును. గొర్లు మేపుకునే కుటుంబం. ఆ జాగా ముందు వేరే ఆసామిది. మల్లయ్య తండ్రి కాలం నుంచి కిరాయికి తీసుకొని గొర్ల దొడ్డిగా వాడుకున్నారు. గొర్ల మధ్య గొంగడి పరుచుకొని పడుకున్న మనిషి చివరకు ఆ జాగానే కొన్నాడు. గుట్టరాయి కొట్టించి తెప్పించి, తల్లికి ఒక అర్ర ఉండేలా ఇల్లు మొదలుపెట్టాడు. ఆ వంశంలో అదే మొదటి రాతి ఇల్లు.

అన్నీ తెలిసి నేను చేసిందేమిటంటే, రెండు రోజులు ఆ డైరీ మూసిపెట్టాను. నర్సయ్యను వకీలు దగ్గరికి పంపుదామా అనుకున్నాను. హద్దులు చెప్పింది అమ్మినవాడు కదా, తప్పు అతని మీద వేద్దామా అనుకున్నాను. నా తప్పు అని నలుగురిలో ఒప్పుకుంటే, నేను రాసిన ప్రతి దస్తావేజూ పట్టుకొని జనం నా చాప ముందుకు వస్తారేమో అని భయం. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కొత్తవాళ్లకు ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. ఈ పనిలో తప్పు చేయనివాణ్ణి నేను చూడలేదు. తప్పు బయటపడ్డాక ఎన్నాళ్లు దాచుకుంటారన్నదే చూడాలి. నేను రెండు రోజులు దాచాను. మూడో రోజు పొద్దున బస్సెక్కాను.

నీళ్లు పోసిన రోజు

నేను వెళ్లేసరికి వెంకటేశం సారు నర్సయ్య ఇంటి వసారాలో గొడుగు పట్టుకొని కూర్చున్నాడు. కొత్తగా బదిలీ అయి వచ్చిన బడిపంతులు. ఇల్లు ఆయనకు నచ్చింది. కందకం నచ్చలేదు. "మధ్యాహ్నం బస్సుకు మా ఊరు వెళ్లిపోతానండీ. ఆలోగా ఏ సంగతీ తేలకపోతే నా ఆశ వదులుకోండి. వేరే ఇల్లు ఒకటి చెప్పారు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. బాలమ్మ పేరు పేరునా అందరినీ పిలిచి తూర్పు పక్కకు తీసుకొచ్చింది.

అక్కడ నర్సయ్య గోడ మొదలు నుంచి మూరన్నర వెడల్పున, నడుము లోతున కందకం. పైన చూరు. గోడ మీద చెయ్యి పట్టేంత పగులు ఇంకా లేదు గానీ, గోరు పట్టేంత ఉంది. మల్లయ్య తువ్వాలలో చుట్టిన దస్తావేజు విప్పి నా చేతిలో పెట్టాడు.

"చదువు మున్షీ సాబు. అందరు వినంగ చదువు."

చదివాను. పడమర, నర్సయ్య ఇంటి గోడ.

"గోడ అన్నది. చూరు అనలే. నువ్వే రాసినవ్, ఇయ్యాల నువ్వే వచ్చినవ్. మంచిగైంది."

"మల్లన్నా, నీ గొర్లు మా చూరు కింద నిలవడి ఎన్ని వానలు తప్పిచ్చుకున్నయ్?" అంది బాలమ్మ. "అవ్విటికి ఎర్కున్నది నీకెర్క లేదా?"

"గొర్లకు చదువు రాదు వదినె. నాకు గూడ రాదు. గందుకే చదువొచ్చినాయనతోని రాపిచ్చుకున్న."

అందరూ నా వైపు చూశారు. నేను కాగితం మడిచాను.

"తప్పు నాది" అన్నాను. "జాగ చూడకుండ రాసిన. బస్సు తప్పిందని రాలే. వస్తే గోడ అని రాయకపోదును. చూరు జాగ అని రాద్దును."

ఖాసీం తాపీ మీద ఎండిన సున్నం గీకుతున్నాడు, అదొక్కటే చప్పుడు.

"తప్పు నీది" అన్నాడు మల్లయ్య చివరికి. "మూరెడు పొయ్యేది నాది. గిదెట్ల మున్షీ సాబు?"

ఆ ప్రశ్నను డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

వెంకటేశం సారు గొడుగు మొనతో కందకం చూపించాడు. "చూరు జాగా మూరెడని అంటున్నారు. జానెడు కావచ్చు, రెండు మూరలు కావచ్చు. ఎట్లా తెలుస్తుంది? నీళ్లు పడిన గుర్తులు ఉండే నేలంతా తవ్వేశారు కదా."

అది నిజం. ఏళ్ల తరబడి చూరు నీళ్లు పడిన చోట మట్టి కొట్టుకుపోయి సన్నరాళ్లు వరసగా తేలతాయి. ఆ వరసే మాకు సాక్ష్యం. ఆ వరస కందకం మట్టిలో కలిసిపోయింది.

"నేల పోయింది గని చూరు ఏడికి పోలే గద సార్" అన్నాడు ఖాసీం. "నిచ్చెన ఏసి నీళ్లు పోద్దాం. ఏడ పడ్తయో అందరు చూస్తరు."

"పోస్తవ్ పోస్తవ్. బిందెడు ఒక్కసారి గుమ్మరిస్తవ్, అవి నా ఇంటి నడుమకు దునుకుతయ్" అన్నాడు మల్లయ్య. "నాకెర్క లేదా?"

అప్పటివరకు గుట్టరాళ్ల కుప్ప మీద కట్టె పట్టుకొని కూర్చున్న ఎల్లమ్మ నోరు తెరిచింది. మల్లయ్య తల్లి. రెండు కళ్లలోనూ పొర కమ్మి ఉంది. మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ముఖం ఆనవాలు పట్టలేదు.

"ఏంర మల్లిగా, నీళ్లు దునుకుతయని భయమా? నేను ముందుగాల్ల కుండ పెడ్త. కుండల పడితె ఒప్పుకో. బయట పడితె నర్సిగాడు ఒప్పుకుంటడు."

"నీకు చూరే కనవడదు గద అమ్మా."

"కనవడకుంటనే గద నేను పెట్టుడు. కనవడ్డోళ్లు పెడితె మళ్ల లొల్లి."

వెంకటేశం సారు నవ్వు ఆపుకున్నాడు. "కుండ ఎందుకు పెడతావు అవ్వా?" అని అడిగాడు.

"ముప్పై వానలు గీడ్నే కుండ పెట్టిన సారు. గొర్లు గా నీళ్లే తాగినయ్. గీడు గూడ చిన్నప్పుడు గొర్లతోని మూతి పెట్టి తాగిండు."

కందకం మీద అడ్డంగా రెండు చెక్కలు వేశారు. ఎల్లమ్మ చెక్క మీదికి పాకుతుంటే మల్లయ్య, "అమ్మా పడ్తవ్, ఆగు" అని పరుగెత్తాడు. ఆమె చేత్తో తోసేసింది. గోడ తడిమింది. మోచేయి గోడకు ఆనించి, చెయ్యి బారుగా చాపి, వేళ్ల కొనలు ఆగిన చోట కుండ పెట్టింది. పెట్టాక కుండను అరచేతిలో సగమంత ఇవతలికి జరిపింది. "ఊఁ" అని వెనక్కి వచ్చి కూర్చుంది. చూరు వైపు తల కూడా ఎత్తలేదు.

ఖాసీం నిచ్చెన ఎక్కాడు. బాలమ్మ బిందె అందించింది. అతను మల్లయ్యకు కనబడేలా నడికొప్పు మీద నీళ్లు సన్నగా పోశాడు. మే నెల ఎండకు కాలిన పెంకులు. నీళ్లు బుస్సుమన్నాయి, మట్టివాసన లేచింది, చూరు వరకు ఒక్క చుక్క రాలేదు. పెంకులే తాగేశాయి. మల్లయ్య తువ్వాల భుజం మార్చుకున్నాడు. నర్సయ్య కూర్చోలేక, నిలబడలేక గోడకు ఆనుకున్నాడు.

రెండో బిందె పోశాడు. చూరు చివర నాలుగు చుక్కలు నిలిచి, వేలాడి, ఆరిపోయాయి.

మూడో బిందె బాలమ్మ రెండు చేతులా ఎత్తి అందించింది. ఈసారి పెంకుల మధ్య గాడిలో నీళ్లు దారి పట్టాయి. సన్నటి ధార చూరు అంచున వంగి కిందికి దిగింది. కుండలో పడిన చప్పుడు అందరికీ వినిపించింది. ఎల్లమ్మ కూడా విన్నది.

"పడ్డదా?" అని అడిగింది, తెలిసి కూడా.

మల్లయ్య కుండ వైపే చూస్తున్నాడు.

"పడ్డదమ్మా" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "నీ అర్రే చిన్నగైతది. గోడ మూరెడు ఇటు జరిగితె నీ మంచం పట్టది. గందుకే ఇంతసేపు కొట్లాడిన" అన్నాడు.

"మంచం అడ్డం ఎందుకు ఏస్తవ్‌ర? నిలువు ఏస్తె పట్టదా? నేనేమన్న మంచం మీద అడ్డం పండుకుంటనా?"

మొదట బాలమ్మ నవ్వింది. తర్వాత నిచ్చెన మీద ఖాసీం. మల్లయ్య నవ్వలేదు.

"నవ్వుండ్రి. ముగ్గు పోసి కొబ్బరికాయ కొట్టిన జాగ ఇది. జరుపొచ్చునా?"

"కొబ్బరికాయ కొట్టింది ఈశాన్యం మూల భాయ్, అటు దిక్కు" అన్నాడు ఖాసీం దిగుతూ. "ఆ రాయి జరగది. ఈ పడమటి గోడ ఒక్కటే జరుగుతది. దూలాలు మూరెడు పొడుగైతయ్, కోస్తె సరిపాయె. తక్కువైతె ఫికర్ చెయ్యాలె గని ఎక్కువైతె ఏంది?"

మల్లయ్య కందకం అంచున కూర్చొని కాళ్లు లోపలికి వేలాడేశాడు. ఒప్పుకున్నాననలేదు. "కొత్త కందకం ఇయ్యాల మొదలుపెడ్దామా, రేపా?" అని ఖాసీంను అడిగాడు. అదే ఒప్పుకోవడం.

గోడకు అవతలి గుంత

అంతటితో అయిపోయిందనుకున్నాను. వెంకటేశం సారు అనుకోలేదు. "మరి ఈ పగులు?" అన్నాడు.

ఖాసీం గోడ మీద తాపీ పిడితో అక్కడక్కడా కొట్టి విన్నాడు. లోపలికి వెళ్లి మళ్లీ కొట్టాడు. బయటికి వచ్చి, "తప్పంత కందకంది కాదు సార్. ఈ గోడకు ఇటు కందకం, అటు మగ్గం గుంత. రెండు గుంతల నడుమ నిలవడ్డది. ఇటు మేం గట్టిగ దిమ్మిస కొట్టి పూడుస్తం. అటు గూడ పూడాలె. లేకుంటే మిరుగు వానకు కూలితె నా జిమ్మ కాదు" అన్నాడు.

అందరి కళ్లూ నర్సయ్య మీదికి తిరిగాయి. అతను నేల చూస్తున్నాడు.

"మగ్గం ఇప్పి పదిరోజులాయె" అంది బాలమ్మ, చిన్న గొంతుతో. "కొయ్యలు, కట్టెలు అన్ని మూటగట్టినం. గుంత మాత్రం ముట్టనిస్తలేడు. తట్ట తెస్తె తీసి బయట పెడ్తడు."

ఇల్లు అమ్ముతానని ఊరంతా చెప్పుకున్న మనిషి, దాని కోసం నా చాప దాకా వచ్చిన మనిషి, గుంతలో తట్టెడు మన్ను పోయనివ్వలేదు. ఇట్లాంటివి నేను తర్వాత చాలా చూశాను. ఒకరు ఇల్లంతా ఇచ్చి తలుపు గొళ్లెం ఇవ్వలేరు. ఒకరు పొలం ఇచ్చి గట్టు మీది చెట్టు దగ్గర ఆగిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని మొండితనం అనుకొని విసుక్కుంటారు. నేనూ ముందు విసుక్కున్నవాణ్ణే. అక్కడ ఆగి కూర్చోవాలి, తొందరపెట్టకూడదు. కాగితం మీద సంతకం ఒక్క నిమిషం పని. మనిషి ఇంట్లోంచి బయటికి రావడానికి ఇంకొంచెం సేపు పడుతుంది.

బస్సు వేళ అయింది. వెంకటేశం సారు గొడుగు తీసుకున్నాడు.

"రేపు పొద్దున" అన్నాడు నర్సయ్య. "రేపు పొద్దున పూడుస్త సారు. ఎవ్వరు రావొద్దు. నేనే పూడ్చుకుంట."

"ఎక్కలేవు, దిగలేవు, నువ్వెట్ల పూడుస్తవ్?" అంది బాలమ్మ.

రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. వెంకటేశం సారు ఒకసారి అటు చూసి, గొడుగు మళ్లీ గోడకు ఆనించాడు. "బళ్లో పడుకుంటాను లెండి. రేపు గుంత పూడితే ఇల్లు నాది. పూడకపోతే రేపటి బస్సు ఉండనే ఉంది" అన్నాడు.

నేనూ ఉండిపోయాను. మధ్యాహ్నం నాలుగు దిక్కులా నాలుగిళ్లకు వెళ్లి మంచినీళ్లు అడిగాను. నాలుగేళ్లు ఆలస్యంగా. మల్లయ్య ఇంట్లో, అంటే అప్పటికి ఒక తాటాకు పందిరి, ఎల్లమ్మ ఆ కుండలోవే ముంచి ఇచ్చింది. పెంకు వాసన వేశాయి.

"గుడ్డ ఏసి వడగట్టిన, తాగు" అంది. "మావోనికి కాయితం మళ్ల మంచిగ రాసియ్యి. వాడు నిన్ను తిట్టడు గని మనసుల పెట్టుకుంటడు."

సవరణ దస్తావేజు రాసి ఇస్తానన్నాను.

మర్నాడు

1962 మే 10, గురువారం. పొద్దున ఆరింటికి నర్సయ్య ఇంటికి వెళ్లాను. వెంకటేశం సారు అప్పటికే వసారాలో ఉన్నాడు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకొని, తూర్పు అర్ర వైపు చూపించాడు.

నర్సయ్య గుంతలో కాళ్లు దించి కూర్చొని ఉన్నాడు. మగ్గం లేదు, ఎదురుగా ఖాళీ గోడ. పక్కన గంప, పార. కందకం మట్టి తెచ్చుకుందామని లేచినవాడు ముందు ఒకసారి అక్కడ కూర్చున్నట్టున్నాడు. ఇక లేవలేకపోయాడు. బాలమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. లేపడానికి వెళ్లలేదు, పిలిచేదాకా వెళ్లకూడదన్నట్టు.

ఎంతసేపు అట్లా ఉన్నామో డైరీలో రాయలేదు. బయట పార చప్పుడు అవుతోంది. కాసేపటికి అది ఆగింది. మల్లయ్య తన పాత కందకంలోంచి తవ్వి తీసిన మట్టి తట్ట నెత్తిన పెట్టుకొని గుమ్మంలోకి వచ్చాడు. లోపల చూసి అక్కడే నిలబడిపోయాడు. మట్టి అతని భుజాల మీదికి రాలుతోంది. దించలేదు, పిలవలేదు.

నర్సయ్య తల తిప్పి చూశాడు.

"తెచ్చినవా?" అన్నాడు.

"తెచ్చిన నర్సన్నా. మీ చూరు కింది మన్నే."

నర్సయ్య చెయ్యి చాపాడు. మల్లయ్య తట్ట దించి, వంగి, రెండు రెక్కలూ పట్టి పైకి తీశాడు. నర్సయ్య నిలదొక్కుకున్నాక తట్టను కాలితో తన వైపు లాక్కొని, అందులోంచి రెండు దోసిళ్లు తీసి గుంతలో పోశాడు. మూడో దోసిలి పోయలేదు. పక్కకు జరిగి మల్లయ్యకు దారి ఇచ్చాడు.

ఇరవై ఆరు తట్టలు పట్టింది. ఖాసీం దిమ్మిస కొట్టాడు. బాలమ్మ నీళ్లు చల్లి అలికింది. తడి ఆరేలోపు నేను వసారాలో కూర్చొని, జాగా చూసి మరీ హద్దులు రాసి, అందరూ వినేలా చదివాను. తూర్పు, ఈ ఇంటి చూరు నీళ్లు పడే మూరెడు జాగా, దాని అవతల మల్లయ్య గోడ. మల్లయ్య రెండుసార్లు చదివించుకొని, "ఇగ సరే" అన్నాడు.

వెంకటేశం సారు చూరు కిందికి వెళ్లి నిలబడి, "అవ్వా, ఇది ఇప్పుడు నా జాగా. నీ కుండ ఎక్కడ పెడతావు మరి?" అన్నాడు, నవ్వుతూనే.

"జాగ నీదే ఉండనీ. కుండ నాదే" అంది ఎల్లమ్మ.

పూడ్చిన కందకం మట్టి ఇంకా మెత్తగా ఉంది. ఆమె గోడ తడుముకుంటూ వచ్చింది, మోచేయి ఆనించింది, చెయ్యి చాపింది. వేళ్లు ఆగిన చోట ఖాళీ కుండ పెట్టి వెళ్లిపోయింది. వానకు ఇంకా నెలరోజులు ఉంది.